మంచుబండి నాలుగో స్క్రూ

మీరంతా ఎఫ్‌ఐ బళ్ల, అదే ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ల కాలం పిల్లలు. బండి మొరాయిస్తే ఒక వైరు గుచ్చుతారు, ఫోన్‌లో తప్పెక్కడుందో అదే చెబుతుంది. ఆ భాగం పీకి కొత్తది పెట్టి, చేతులకు మరక కూడా అంటకుండా ఇంటికి వెళ్తారు. దీన్ని కూడా మెకానిక్ పనే అంటారట. సంతోషం. మా కాలంలో బండికి కార్బొరేటర్ అని ఒకటుండేది. పెట్రోలు, గాలి కలిపి ఇంజనుకు తాగించే చిన్న అల్యూమినియం ముక్క. దానికి ఫోన్ లేదు, నోరు లేదు. దానికి ఏం రోగమో మేమే కనుక్కోవాలి, కనుక్కోలేకపోతే తిట్లు కూడా మేమే తినాలి.

మొన్న మా గల్లీలో కుర్రాళ్లు నన్ను పట్టుకున్నారు. "అంకుల్, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన కేసు ఏది?" అని. ఏ నవాబుగారి పాత కారు కథో చెబుతాననుకున్నట్టున్నారు. ఒక స్క్రూ అన్నాను. ముఖాలు వాడిపోయాయి. అయినా చెబుతా, వినండి. పని మానేసిన మనిషికి కథ చెప్పడం తప్ప వేరే పనేముంది.

పాతబస్తీ మొఘల్‌పురాలో ఒక రేకుల షెడ్. అందులోనే నా సర్వీసంతా అయిపోయింది. ప్రమోషన్ లేదు, ట్రాన్స్‌ఫర్ లేదు. ఎండాకాలం రేకుల కింద, వానాకాలం కూడా అవే రేకుల కింద. షెడ్ మా ఉస్తాద్‌ది. మీసాలు రాకముందే నన్ను చేర్చుకుని పని నేర్పాడు, ఉర్దూ నేర్పాడు, ఆకలేస్తే సిగ్గుపడకుండా అడగడం నేర్పాడు. ఆయనకు వయసు మీదపడి కూర్చున్నాక షెడ్ నేను నడిపాను. నాతో ఇంకొకాయన, నాకంటే చాలా చిన్నవాడు, నా జోడీదారు. ఇప్పుడు షెడ్ అతనిదే.

ఇక ఆ బండి సంగతి. మా షెడ్‌కు ఒక డెకరేషన్ భాయ్ వస్తుండేవాడు. గుడిమల్కాపూర్ నుంచి తెల్లారగట్ల పూలు తెచ్చి, సాయంత్రానికి ఫంక్షన్ హాలును గుర్తుపట్టకుండా చేసేవాడు. ఆయన అసలు ప్రతాపం మాత్రం పెళ్లికొడుకును హాల్లోకి తీసుకురావడంలో ఉంది. గుర్రం మీద తెచ్చాడు, ఒంటె మీద తెచ్చాడు, ఒకసారి క్రేన్‌కు కట్టి పైనుంచి దింపాడు. ఆ పెళ్లికొడుకు కింద పడ్డాక ముందు అడిగింది పెళ్లికూతురిని కాదు, నీళ్లు. అన్నీ అయిపోయి ఏం చేయాలో తోచక, ఎక్కడో ఉత్తరాది కొండల్లో మంచు మీద నడిపే పాత బండి ఒకటి కొనుక్కొచ్చాడు. స్నోమొబైల్ అంటారు. ముందు రెండు చెక్కపలకల్లాంటి కాళ్లు, వెనక రబ్బరు పట్టా. మన దగ్గర మంచు లేదు కాబట్టి కాళ్ల కింద చిన్న చక్రాలు కట్టించాడు. ఇక మంచు ఒక్కటే తక్కువ.

ఒక పెళ్లిలో నడిచింది. రెండో పెళ్లి శుక్రవారం రాత్రి అనగా, బుధవారం పొద్దున బండిని ట్రాలీ మీద వేసుకొచ్చాడు. స్టార్ట్ కావడం లేదు. గల్లీ గల్లీ అంతా పని వదిలేసి వచ్చి చూసింది. మంచుబండి వచ్చిందని, బరఫ్ గాడీ, బరఫ్ గాడీ అని ఒకటే లొల్లి.

కార్బొరేటర్ విప్పి బల్ల మీద పెట్టాను. లోపల పాత పెట్రోలు ఎండి జిగురైపోయి ఉంటుందని వాసనకే తెలిసింది. కింద చిన్న గిన్నెలాంటి భాగం ఉంటుంది, దానికి నాలుగు స్క్రూలు. గిన్నె తీసి కడిగితే పనైపోయినట్టే. మూడు స్క్రూలు మర్యాదగా వచ్చాయి. నాలుగోది రాలేదు. దాని చుట్టూ తెల్లగా పొడి పట్టి ఉంది.

"భాయ్, దీని మీద ఏం బడ్డది?" అని అడిగాను.

"కుచ్ నై భాయ్, బరఫ్."

"ఏం బరఫ్?"

డెకరేషన్ భాయ్ అటూ ఇటూ చూశాడు. "నమక్," అన్నాడు.

అప్పుడు తెలిసింది. మొదటి పెళ్లిలో మంచు కోసం నురగ కొట్టించాడట. లైట్ల వేడికి కరిగి బిర్యానీ వైపు పారిందట. దాంతో బస్తాలకు బస్తాలు ఉప్పు తెచ్చి హాలంతా పరిచాడు. "ఫోటోలో అసల్ కశ్మీర్ దిఖా భాయ్," అచ్చం కశ్మీరే కనిపించిందని గర్వంగా చెప్పాడు కూడా. కొండల్లో ఏళ్లకు ఏళ్లు నిజం మంచులో తిరిగినా చెక్కుచెదరని బండి, పాతబస్తీ మంచులో ఒక్క రాత్రికే తుప్పు పట్టింది. ఇనుప స్క్రూ, అల్యూమినియం ఒళ్లు, మధ్యలో ఉప్పు. రెండూ ఒకటైపోయాయి. పెళ్లిలో ఆ రాత్రి గట్టిగా కుదిరిన జత అదొక్కటేనేమో.

ఇంతవరకూ పెద్ద కష్టం లేదు. బిగుసుకున్న స్క్రూలు మాకు కొత్త కాదు. కష్టం మా గల్లీ మర్యాదతో వచ్చింది.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఒకరి పని మొండికేస్తే, చూడ్డానికి వచ్చిన మనిషి "జర మైఁ దేఖూఁ?" అంటాడు. నేనొకసారి చూడనా అని. అప్పుడు వద్దనకూడదు. వద్దంటే మనిషిని అవమానించినట్టు. పక్కకు జరిగి, పానా చేతికిచ్చి, "దేఖో భాయ్" అనాలి. చాయ్ పోసినట్టే ఇదీనూ. మీరు నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో మా షెడ్‌లో బండ్లు పాడైంది తుప్పుతో కాదు, ఈ తమీజ్‌తో, మర్యాదతో.

ముందు వెల్డింగ్ భాయ్ వచ్చాడు. దుకాణం మాకు ఎదురుగానే. మనిషి మంచివాడు, చెయ్యి మాత్రం గేట్లు బిగించే చెయ్యి. స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. స్క్రూ కదల్లేదు గానీ దాని తల మీది గాడి సగం పోయింది. "టైట్ హై," అని తీర్పు చెప్పి వెళ్లాడు. ఆ సంగతి మాకు అంతకుముందే తెలుసు.

తర్వాత కోర్టు సారు. ఆంధ్రా నుంచి వచ్చి, నయాపూల్ దగ్గర కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. మా వెనక గల్లీలో అద్దెకుంటాడు. చేతిలో ఫోన్ పట్టుకుని వీడియో చూపించాడు. "ఏమండీ, రబ్బర్ బ్యాండ్ పెట్టి తిప్పితే వచ్చేస్తుందంటున్నాడండి ఈయనెవరో. నేనొకసారి ట్రై చెయ్యనా?" ఎట్లా కాదంటాను. రబ్బర్ బ్యాండ్ పెట్టాడు, తిప్పాడు. రబ్బర్ బ్యాండ్ తెగి ఆయన కళ్లజోడుకు తగిలింది. స్క్రూ తలలో మిగిలిన సగం గాడి కూడా పోయింది. "మెటీరియల్ క్వాలిటీ లేదండీ," అని ఆయన కూడా తీర్పిచ్చాడు. కోర్టు మనిషి కదా.

గురువారం మధ్యాహ్నానికి గల్లీలో ఆ స్క్రూను ముట్టుకోని మనిషి లేడు. తల బటానీ గింజలా నున్నగా అయిపోయింది. అందరూ ప్రేమతోనే ముట్టుకున్నారు. నా జోడీదారు నా చెవిలో, "అన్నా, ఇంకొక్కడు చెయ్యి పెడితే స్క్రూ తలే కాదు, గిన్నె గూడ మిగలది," అన్నాడు.

"మరి నువ్వు వద్దని చెప్పరాదు?"

"నేనెట్ల చెప్త? నువ్వే పెద్దోనివి."

ఇద్దరం చెప్పలేదు. చాయ్ తెప్పించాం.

ఆ సాయంత్రం ఉస్తాద్ వచ్చాడు. రోజూ వచ్చేవాడు. షెడ్ మూలన ఒక పాత కారు సీటుంది, అది ఆయనది. కూర్చుని వచ్చేపోయే బళ్ల చప్పుడు విని, "సైలెన్సర్ గయా," "టైమింగ్ గయా" అంటుండేవాడు. కళ్లు బాగానే ఉన్నాయి, చెవులు ఇంకా బాగున్నాయి. చేతులే వణికేవి. ఆ సంగతి గల్లీ మొత్తానికి తెలుసు, ఎవరూ అనరు. హోటలాయన ఆయన కప్పులో చాయ్ సగమే పోసేవాడు, ఒలకకుండా. అంతకు ముందు ఒకసారి ఉస్తాద్ చేతిలోంచి జెట్టు, పెట్రోలు వచ్చే చిన్న ఇత్తడి ముక్క, జారి మోరీలో, మురుగుకాలువలో పడింది. వెంటనే వెల్డింగ్ భాయ్ లేచి మోరీని తిట్టాడు. మోరీ అక్కడ ఎందుకుందని నేనూ తిట్టాను. మా మర్యాద గురించి చెప్పాను కదా.

ఉస్తాద్ కార్బొరేటర్ తెమ్మన్నాడు. బొటనవేలుతో స్క్రూ తల తడిమి చూశాడు. అందరూ చూస్తున్నారు.

"కిస్‌నే కియా యే?" అన్నాడు. ఎవరు చేశారిది అని. అందరూ నేల చూశారు. కోర్టు సారు ఫోన్ చూసుకున్నాడు.

"ఛోటే," అన్నాడు నాతో, చిన్నోడా అని. నాకు మనవడు పుట్టినా ఆయనకు నేను ఛోటేనే. "ఆక్సా బ్లేడుతో తల మీద సీదా గాడి కోసి పెట్టు. రేపు జుమ్మా నమాజ్ అయినంక నేనొచ్చి ఇప్పుత. అప్పటిదాంక ఎవ్వడు చెయ్యి పెట్టొద్దు."

"జీ ఉస్తాద్," అన్నాం అందరం.

డెకరేషన్ భాయ్ ముఖం ఉప్పులా తెల్లబోయింది. నన్ను బయటికి లాక్కెళ్లాడు. "భాయ్, ఉస్తాద్ కా హాథ్..." అన్నాడు. ఉస్తాద్ చెయ్యి అని, మిగతాది అనలేదు.

అనకపోయినా నాకు తెలుసు. ఆ గిన్నె అంచు పల్చగా ఉంటుంది. గాడిలోంచి స్క్రూడ్రైవర్ ఒకసారి జారి గట్టిగా తగిలిందంటే పగులుతుంది. ఆ బండి కార్బొరేటర్ ఇంకొకటి ఈ ఊళ్లో దొరకదు. పెళ్లికొడుకు సంగతి నాకు ఫికర్ లేదు, వాడికి కాళ్లున్నాయి, నడిచి వస్తాడు. కానీ గల్లీ అంతా చూస్తుండగా ఉస్తాద్ చేతిలో అది పగిలితే, ఈసారి తిట్టడానికి మోరీ కూడా ఉండదు. ఆయన ఇక షెడ్‌కు రాడు. ఆయన సంగతి నాకు తెలుసు. షెడ్‌కు రావడం ఒక్కటే ఆయనకు మిగిలిన పని. ఆ సీటు ఖాళీగా ఉంటే చూడ్డం నా వల్ల కాదు. నాకు పని నేర్పిన చెయ్యి నలుగురిలో ఓడిపోవడం కూడా నేను చూడలేను.

మీరైతే ఏం చేస్తారు? "సర్, మీరు రిస్క్ తీసుకోవద్దు" అని మెసేజ్ పెడతారు. మేం అట్లా చెప్పలేం. చెప్పకుండా ఎట్లా చెప్పాలో ఆలోచిస్తూ రాత్రంతా ఫ్యాను చూశాను.

శుక్రవారం. జుమ్మా వేళకు మా గల్లీ మొత్తం మసీదుకు వెళ్తుంది. షట్టర్లు సగం దిగుతాయి. నమాజు చదవని వాళ్లు నేనూ, కోర్టు సారూ. సారు ఆ వేళకు భోంచేసి పడుకుంటాడు. అంటే వారం మొత్తంలో మా షెడ్‌కు ఎవరూ వచ్చి "జర మైఁ దేఖూఁ?" అనని సమయం అదొక్కటే. అంతకు ముందెప్పుడూ ఆ నిశ్శబ్దం విలువ నాకు తెలియలేదు.

హోటల్లోంచి కెటిల్ నిండా మసిలే నీళ్లు తెచ్చాను. అల్యూమినియం వేడికి ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది, పట్టు కొంచెం వదులుతుంది. నీళ్లు పోశాను. రాత్రే కోసి పెట్టిన గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో చిన్నగా కొట్టాను. విప్పే వైపు కాకుండా, ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పాను. తుప్పు అతుకు అట్లానే విరుగుతుంది. ఇది కూడా ఉస్తాద్ నేర్పిందే. తర్వాత ఇటు తిప్పాను. టిక్కుమంది.

స్క్రూ వదిలింది. నేను సుత్తి కింద పెట్టాను. సర్వీసులో అంత సంతోషం చాలా తక్కువసార్లు కలిగింది. దాన్ని చూడ్డానికి ఒక్క మనిషి కూడా లేడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. విప్పిన స్క్రూను మళ్లీ బిగించాలి. ఉస్తాద్ విప్పాలి కదా. ఎంత బిగించాలి? జీవితమంతా స్క్రూలు విప్పిన నాకు, విప్పడానికి వీలుగా బిగించడం ఎంతో తెలియలేదు. కొంచెం బిగించాను. మరీ వదులుగా అనిపించింది, ఊదితే వచ్చేట్టుంది. ఇంకొంచెం బిగించాను. మళ్లీ పట్టేసింది. అప్పటికే మసీదు మైకులో నమాజు చివరి దువా వినిపిస్తోంది. కెటిల్‌లో మిగిలిన నీళ్లు మళ్లీ పోసి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించాను. చెమటలు కారాయి. తెల్ల పొడి కొంచెం వేలితో తీసి తల చుట్టూ రాశాను కూడా. దొంగ నోట్లు అచ్చేసేవాడు కూడా అంత శ్రద్ధగా పని చేయడు.

అందరికంటే ముందు నా జోడీదారు వచ్చాడు. టోపీ జేబులో పెట్టుకుంటూ బల్ల చూశాడు. బల్ల మీద నీళ్లు, పక్కన హోటల్ కెటిల్. నన్ను చూశాడు. బట్ట తీసుకుని బల్ల తుడిచాడు, కెటిల్ తీసుకెళ్లి హోటల్లో ఇచ్చొచ్చాడు.

ఉస్తాద్ వచ్చేసరికి గల్లీ అంతా షెడ్ ముందు ఉంది. అత్తరు వాసన, గ్రీజు వాసన కలిసిపోయాయి. డెకరేషన్ భాయ్ పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటున్నాడు. కోర్టు సారు నిద్ర మానుకుని వచ్చాడు. నేను గిన్నెను రెండు చేతులతో పట్టుకున్నాను. ఉస్తాద్ స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

చెయ్యి వణికింది. స్క్రూడ్రైవర్ మొన అంచుకు తగిలి టకటకమంది. ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. మొన గాడిలో కూర్చుంది. ఒత్తి పట్టి తిప్పాడు.

వచ్చింది.

"వాహ్ ఉస్తాద్, వాహ్," అన్నారు. వెల్డింగ్ భాయ్ ఆయన్ను కౌగిలించుకున్నాడు. డెకరేషన్ భాయ్ ఆయన చెయ్యి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "ఎక్స్‌పీరియన్సండీ, ఎక్స్‌పీరియన్స్," అని కోర్టు సారు అందరికీ వివరించాడు. ఉస్తాద్ స్క్రూను నా అరచేతిలో పెట్టి, అందరికీ చాయ్ చెప్పమన్నాడు. గల్లీ హోటల్ వైపు కదిలింది. మేమిద్దరమే మిగిలాం.

ఉస్తాద్ తన సీటులో కూర్చున్నాడు. "ఛోటే," అన్నాడు.

"జీ."

"ఇంకొద్దిగ టైట్ జెయ్యాలె రా. గింత అల్కగ వస్తే ఎవడు నమ్ముతడు?"

"ఏంది ఉస్తాద్?" అన్నాను ఏమీ తెలియనట్టు.

"పేచ్ గరమ్ థా," అన్నాడు. స్క్రూ వేడిగా ఉందని. "హాథ్ కాంప్తే హై, ఛోటే. చమ్డీ తో జిందా హై."

చేతులు వణుకుతాయి గానీ చర్మం బతికే ఉంది కదా అని. ఆయన నవ్వాడు. చాయ్ వచ్చింది. కప్పు సగమే నింపి ఉంది. ఆయన అది కూడా చూసి నవ్వాడు.

పెళ్లి సంగతి చెప్పాలి కదా. బండి స్టార్టయింది. ఈసారి ఉప్పు వద్దంటే డెకరేషన్ భాయ్ థర్మకోల్ గుండ్లు పరిచాడు. నూనె కలిపిన పెట్రోలు తాగే ఇంజను, తలుపులు మూసిన ఏసీ హాలు. బండి పూలదండ పొడవంత దూరం నడిచింది. హాలు మొత్తం పొగ. పెళ్లికొడుకు అందులోంచి దగ్గుకుంటూ, ఒంటినిండా థర్మకోల్ అంటించుకుని నడిచొచ్చాడు. పెళ్లివాళ్లు ఇది కూడా ప్రోగ్రాంలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. కాళ్లున్నాయని నేను ముందే అన్నాను.

ఉస్తాద్ ఆ తర్వాత కూడా రోజూ వచ్చాడు. మంచం పట్టేదాకా వచ్చాడు. ఎవరి పనైనా మొండికేస్తే ఆయన చేతికిచ్చేవాణ్ని. ఇచ్చే ముందు నేనే విప్పి, మళ్లీ ఇంకొద్దిగా టైట్ చేసేవాణ్ని, ఆయన చెప్పినట్టే. ఆ స్క్రూల గురించి మేమిద్దరం మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడాయన లేడు. సాయంత్రం అయ్యేసరికి ఆయన గొంతు కోసం చెవి అటే పోతుంది.

షెడ్ నా జోడీదారుకు అప్పజెప్పి నేనూ ఇంట్లో కూర్చున్నాను. నా చేతులు బాగానే ఉన్నాయి. అప్పుడప్పుడు గ్లాసులో చాయ్ దానంతటదే కదులుతుంది, అంతే. సాయంత్రాలు షెడ్‌కు వెళ్లొస్తుంటాను. ఆ సీటులో కూర్చోమంటారు, కూర్చుంటాను.

పోయిన శుక్రవారం కూడా వెళ్లాను. నా జోడీదారు ఒక పాత స్కూటర్ కార్బొరేటర్ తెచ్చి ముందు పెట్టాడు. "అన్నా, పొద్దుగాల్నించి అందరం జూసినం, గీ స్క్రూ అస్సలే వస్తలేదు. జర నువ్వు చెయ్యి వెయ్యరాదు," అన్నాడు. గల్లీ అంతా చుట్టూ చేరింది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. ఒక్క తిప్పుకే వచ్చింది. వాహ్ అన్నారు. నా జోడీదారు పైన రేకుల వైపు చూస్తున్నాడు.

ఆ స్క్రూ నిజంగానే బిగుసుకుంది, పిల్లలూ. నా చేతికి తెలియదా. బల్ల కాస్త తడిగా ఉన్నమాట నిజమే. రేకులు కారి ఉంటాయి. ఇది ఎండాకాలం కదా అంకుల్ అని మీరంటారు. మీకేం తెలుసు రేకుల సంగతి, ఎఫ్‌ఐ బళ్ల కాలం వాళ్లు.